ఫ్లూ టీకా వేయించకపోతే ప్లేస్కూల్‌కు రానివ్వరా?

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు మూడున్నరేళ్లు, ప్లేస్కూల్‌కు పోతున్నాడు. పాప మూడో తరగతి. బడి తెరిచేలోగా బాబుకు ఫ్లూ టీకా వేయించి సర్టిఫికెట్ తేవాలని, లేకుంటే రానివ్వమని స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బస్తీ దవాఖానాలో అడిగితే ఆ టీకా తమ దగ్గర ఉండదన్నారు. ప్రైవేటులో రేటు ఎక్కువ. టీకా వేసినా సర్ది వస్తూనే ఉంటుందని మా తోటికోడలు అంటోంది. ఏం చేయమంటారు? ఇంట్లో ఆయాసంతో బాధపడే అత్తమ్మ కూడా ఉన్నారు.

డాక్టర్ సలహా: బాబుకు వేయించండమ్మా. స్కూలు ఆ మెసేజ్ పెట్టకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని.

ఫ్లూ టీకా లేకుంటే బడిలోకి రానివ్వొద్దన్న చట్టం గానీ, జీవో గానీ మన దగ్గర లేదు. సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో పోలియో, మీజిల్స్-రుబెల్లా ఉన్నాయి, న్యుమోనియా టీకా కూడా వచ్చింది. ఫ్లూ మాత్రం లేదు. సర్కారే ఇవ్వని టీకాను ఒక ప్లేస్కూల్ తప్పనిసరి అంటే నాకు నచ్చదు. కూలికి పోయే తల్లి ఏటా ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? ప్రిన్సిపాల్‌ను కలిసి, ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నారో రాసివ్వమనండి.

ఈ గొడవ మనకే కొత్త, బయట పాతదే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 2008లోనే ప్రీస్కూల్ పిల్లలకు ఫ్లూ టీకా తప్పనిసరి చేసింది. న్యూయార్క్ నగరం 2013లో అదే నిబంధన పెడితే కోర్టుకెక్కారు. చివరికి 2018లో రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని సమర్థించింది. మసాచుసెట్స్ 2020 ఆగస్టులో బడి పిల్లలందరికీ అని ప్రకటించి, 2021 జనవరిలో వెనక్కి తగ్గింది. జపాన్ కథ ఇంకా విచిత్రం. అక్కడ బడి పిల్లలకు దశాబ్దాల పాటు వేసి, 1994లో ఆపేశారు. పిల్లలకు వేసిన ఆ కాలంలో ముసలివాళ్ల చావులు తగ్గాయని 2001లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. మీ అత్తమ్మ గురించి రాశారు కదా, అందుకే ఈ మాట చెబుతున్నాను.

ఇక మీ తోటికోడలి మాట. ఆవిడ చెప్పింది సగం నిజం. సర్దికి వందలాది వైరస్‌లు కారణం, ఈ టీకా ఆపేది ఇన్‌ఫ్లుయెంజాను మాత్రమే. అదీ పూర్తిగా కాదు. ఆ ఏడు తిరిగే రకాలకు టీకా సరిగ్గా కుదిరితే 40 నుంచి 60 శాతం దాకా రక్షణ ఉంటుంది. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాల్సిందే. మీజిల్స్ టీకా లాగా రెండు డోసులతో ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉండే వీలు దీనికి లేదు. దీన్ని తప్పనిసరి చేయడం కష్టం అనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. అయినా ఐదేళ్లలోపు పిల్లల్లో ఫ్లూ న్యుమోనియాగా మారి ఆక్సిజన్ దాకా పోవచ్చు. అందుకే ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఏటా వేయించమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. సూది మందులో ఉండేది చచ్చిన వైరస్, దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం, చేయి నొప్పి ఉంటే ఉండొచ్చు.

తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటే. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ ఎక్కువ. టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది. అందుకే మేలోనే మొదలుపెట్టండి. పాపకు ఉబ్బసం, గుండె జబ్బు లాంటివి లేకుంటే ఈ ఏడు ఆగినా ఫర్వాలేదు. రెండు డోసుల తర్వాత డబ్బు మిగిలితే అది అత్తమ్మ సూదికి పెట్టండి, ఆమెకు ఒక్క డోసు చాలు.

ప్రిన్సిపాల్‌ను కలిసినప్పుడు ఇంకో మాట కూడా అడగండి: జ్వరంతో వచ్చిన పిల్లవాణ్ని ఇంటికి పంపుతున్నారా? మందు వేయకుండానే జ్వరం తగ్గి ఒక రోజు గడిచాక రమ్మంటున్నారా? హాజరు తగ్గితే ఒప్పుకోమనే బడులు ఈ సంగతి పట్టించుకోవు.