శిరీషా, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ గురించి అడిగావు కదా

శిరీషా,

"స్కోప్ ఉందా అత్తా?" అని మెసేజ్ పెట్టావు. ఉంది, కానీ సర్టిఫికెట్‌కి కాదు, చేతి పనికి. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కి పిల్లల్ని తీసుకునే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి చెప్తున్నా. మార్కులు బాగానే ఉంటాయి, గ్రామ్ స్టెయినింగ్ (బాక్టీరియాకి రంగు వేసి రెండు రకాలుగా విడదీసే పరీక్ష) చేసి చూపించమంటే సగం మందికి చెయ్యి ఆడదు. 1884 నాటి పద్ధతి అది, ఇప్పటికీ మొదట చేసేది అదే. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సఫ్రనిన్ అని వరస అందరూ అప్పజెప్తారు, అసలు కిటుకంతా ఆల్కహాల్ దగ్గరే ఉంది, కొన్ని సెకన్లు ఎక్కువైతే ఊదారంగు నిలవాల్సిన బాక్టీరియా కూడా రంగు వదిలేసి గులాబీగా కనిపిస్తుంది, రిపోర్టు తలకిందులవుతుంది. అది పుస్తకం చదివితే రాదు, స్లైడ్ మీద స్లైడ్ వేస్తేనే వస్తుంది.

ఉద్యోగాల సంగతికొస్తే, ఎక్కువ మందిని తీసుకునేది ఫార్మా, హైదరాబాద్ టీకా కంపెనీలు. మొదట్లో జీతం తక్కువే, షిఫ్టులుంటాయి, ఇంట్లో ముందే చెప్పు. ఇంజెక్షన్ బ్యాచ్ బయటికి వెళ్లాలంటే స్టెరిలిటీ టెస్టుకి, అంటే అందులో సూక్ష్మజీవులేవీ లేవని తేల్చడానికి, 14 రోజులు తగిన వేడిలో ఉంచి (ఇంక్యుబేట్ చేసి) చూడాలి, ఆ ఓపిక నీకుంటే ఆ పని నీకు నచ్చుతుంది. హాస్పిటల్ ల్యాబే కావాలంటే మాత్రం మెడికల్ కాలేజీల్లో మెడికల్ మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ వేరే ఉంది, మామూలుగా మూడేళ్లు, చేరకముందే తేల్చుకో. రీసెర్చ్ అంటావా, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో మైక్రోబయాలజీకి విడిగా పేపర్ లేదు, లైఫ్ సైన్సెస్ మొత్తం రాయాలి, కాబట్టి జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ ఇప్పట్నుంచే వదలొద్దు.

నాకు మనసులో ఉన్న మాట ఇంకోటి. మన అనంతపురం వేరుశనగ చేను చూడు. కోతకు ముందు వాన మొహం చాటేసి నేల వేడెక్కిందంటే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు భూమిలోనే కాయకు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. నేరుగా తినే పప్పులో కిలోకి 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్‌లో అమ్మనివ్వరు. అదే మొక్కను పీకి వేరు మీద బుడిపె చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది, అంటే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందన్నమాట. మన రైతుకు నష్టం చేసేదీ మేలు చేసేదీ రెండూ సూక్ష్మజీవులే, వీటి మీద పనిచేసే పిల్లలు మన సీమ నుంచే రావాలని నాకు గట్టిగా ఉంది. ప్రాజెక్టుకి టాపిక్ దొరకలేదని ఇంటర్నెట్‌లో వెతక్కు, తాత చేనుకి వెళ్లు.

ఇక అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)నా, కడప యోగి వేమన యూనివర్సిటీనా అన్నావు. రెండింటికీ పీజీసెట్ ఎంట్రన్సే, రెండు చోట్లకీ వెళ్లి చూసిరా. సెలవు రోజు వద్దు, ప్రాక్టికల్స్ నడుస్తున్నప్పుడు వెళ్లు. బాక్టీరియా పెంచే ప్లేట్లు ఎవరివి వాళ్లే పోసుకుంటున్నారా, పదిమంది ఒకే ప్లేటు చుట్టూ నిలబడి చూస్తున్నారా గమనించు. ఆవిరితో సామాన్లని క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ చివరిసారి ఎప్పుడు వాడారో, ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారో సీనియర్లని అడుగు, సార్లని కాదు. చూసొచ్చాక ఫోన్ చెయ్యి, రాత్రి ఎనిమిది తర్వాతైతే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ అత్త