వాళ్ళకి పొద్దున, మనకి రాత్రి: టైమ్ జోన్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒక్కదాని చుట్టూనే తిరిగాయి, దూరదేశాల్లో ఉన్నవాళ్ళతో కాల్ కుదుర్చుకోవడం ఎలా అని. అందుకే మిగతావి వచ్చే సంచికకి ఉంచి, ఈ పేజీ అంతా వీటికే ఇచ్చేశాం.

ప్రశ్న: ప్రతి మంగళవారం సాయంత్రం ఏడున్నరకి మా టీమ్ కాల్. న్యూయార్క్ వాళ్ళు, లండన్ వాళ్ళు, ఇండియా నుంచి నేను. మార్చిలో ఒకసారి ఏడున్నరకి జాయిన్ అయితే ఎవరూ లేరు, గంట ముందే మొదలుపెట్టి ముగించేశారట. లండన్‌లో ఉన్నతను కూడా నాలాగే మిస్సయ్యాడు. ఇన్వైట్ ఎవరూ ముట్టుకోలేదంటున్నారు, మరి టైమ్ ఎలా మారింది?

జవాబు: మారింది న్యూయార్క్ గడియారం. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని గంట ముందుకి జరుపుతాయి, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తాయి, అదే డేలైట్ సేవింగ్. బ్రిటన్, యూరప్ దేశాలు కూడా ఇదే పని చేస్తాయి గానీ వాళ్ళది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. ఇండియా, చైనా, జపాన్ అసలు జరపవు. అందరూ ఒకే రోజు జరిపితే ఇంత తంటా ఉండేది కాదు.

2026 తీసుకుని లెక్క వేసి చూడండి. మార్చి 8కి ముందు మీ కాల్ న్యూయార్క్‌లో పొద్దున 9, లండన్‌లో మధ్యాహ్నం 2, ఇండియాలో సాయంత్రం 7:30. మార్చి 8 నుంచి న్యూయార్క్‌లో అదే 9 గానీ లండన్‌లో 1 అయిపోయింది, ఇండియాలో 6:30. మళ్ళీ మార్చి 29న లండన్ గడియారం జరిగేసరికి వాళ్ళకి 2 తిరిగొచ్చేసింది, ఇండియాలో మాత్రం నవంబర్ దాకా 6:30 యే. అంటే లండన్ అతను ఇబ్బంది పడేది ఆ మూడు వారాలే (కొన్ని సంవత్సరాల్లో రెండు వారాలే ఉంటుంది), అక్టోబర్ చివర్లో ఇంకో వారం. మీకు సగం ఏడాది పైనే తేడా.

మీ ఇన్వైట్ పెట్టింది న్యూయార్క్ వాళ్ళు కాబట్టి క్యాలెండర్ దాన్ని న్యూయార్క్ 9 గంటలకి కట్టేసి ఉంచింది, అది సరిగ్గానే పని చేసింది, మీరిద్దరూ అలవాటు కొద్దీ పాత టైమ్‌కి వెళ్ళారు. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే, ప్రతి వారం జరిగే కాల్‌కి ఏదో ఒక ఊరిని పెద్దదిక్కుగా పెట్టుకోండి, అది ఏ ఊరో అందరికీ తెలిసేలా ఇన్వైట్ పేరులోనే రాసేయండి. "మంగళవారం కాల్, న్యూయార్క్ టైమ్ ప్రకారం" అని ఉంటే మార్చి రాగానే మిగతావాళ్ళు తమది ఎంతకి మారిందో చూసుకుంటారు. ఏ ఊరిని ఎంచుకోవాలంటే, నా అభిప్రాయం అడిగితే, ఎవరికి ఆ టైమ్ బాగా కష్టంగా ఉందో వాళ్ళ ఊరిని. రాత్రి పదిన్నరకి కూర్చునే మనిషికి అది ఉన్నట్టుండి పదకొండున్నర అయితే నిద్ర పోతుంది, పొద్దున తొమ్మిదికి కూర్చునే మనిషికి పది అయితే పోయేదేమీ లేదు.

ప్రశ్న: ఫోన్ తీయకుండా మనసులోనే లెక్క కట్టే ఉపాయం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. ఇండియా టైమ్ నుంచి న్యూయార్క్‌కి వెళ్ళాలంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తీసేయాలి, కానీ తీసివేత కంటే పగలు రాత్రి మార్చేసి కొంచెం కలపడం తేలిక. రాత్రి 8 ని పొద్దున 8 చేసి వేసవిలో రెండున్నర కలపండి, పదిన్నర వచ్చింది. చలికాలంలో అయితే ఒకటిన్నర కలిపితే చాలు, తొమ్మిదిన్నర. కాలిఫోర్నియాకి ఇంకా సులువు, వేసవిలో పగలు రాత్రి మార్చి అరగంట తీసేస్తే సరి, రాత్రి ఎనిమిదిన్నర అక్కడ పొద్దున ఎనిమిది. చలికాలంలో ఒకటిన్నర తీయాలి.

లండన్‌కి ఇంకో ముచ్చటైన పద్ధతి ఉంది, ముళ్ళ గడియారం ఉంటే చేసి చూడండి. చలికాలంలో ఇండియా మధ్యాహ్నం 3 చూపిస్తున్న చేతి గడియారాన్ని తలకిందులు చేయండి, చిన్న ముల్లు తొమ్మిది చోటికి, పెద్ద ముల్లు ఆరు చోటికి వస్తాయి, తొమ్మిదిన్నర, అదే లండన్ టైమ్. చిన్న ముల్లు ఒక పిసరు అటూ ఇటూ ఉంటుంది గానీ చదవడానికి అడ్డం రాదు. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు కాబట్టి కుదురుతోంది, లండన్ వేసవిలో తేడా నాలుగున్నరే కాబట్టి వచ్చినదానికి గంట కలపాలి.

ఈ అరగంట ఎందుకొచ్చిందని కూడా కొందరు అడిగారు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకి 15, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. ఇండియా టైమ్‌కి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, దాన్ని 4తో హెచ్చిస్తే 330 నిమిషాలు, ఐదున్నర గంటలు. నేపాల్ ఇంకో పావుగంట ముందుంటుంది, 5:45.

ప్రశ్న: క్లయింట్ "3 పీఎమ్ ఈఎస్‌టీ" అని పంపాడు, జూలైలో. దాన్ని నమ్మొచ్చా?

జవాబు: అడిగి తేల్చుకోండి. ఈఎస్‌టీ అంటే చలికాలపు టైమ్, జూలైలో న్యూయార్క్ నడిచేది ఈడీటీ మీద. చాలామంది ఏడాదంతా ఈఎస్‌టీ అనే రాస్తారు, వాళ్ళ ఉద్దేశం "మా ఊరి టైమ్" అనే గానీ, కన్వర్టర్‌లో ఈఎస్‌టీ అని కొడితే అది మాటకి మాట పట్టుకుని గంట తేడాతో చూపించొచ్చు. ఐఎస్‌టీ సంగతీ అంతే, ఇండియాకీ ఇజ్రాయెల్‌కీ ఐర్లండ్‌కీ అదే పొట్టిపేరు. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతం కావొచ్చు, చైనా కావొచ్చు. పొట్టిపేర్లు మానేసి ఊరి పేరు, తేదీ, వారం రాయండి, ఇలా: "మార్చి 17 మంగళవారం, న్యూయార్క్ పొద్దున 9, లండన్ మధ్యాహ్నం 1, ఇండియా సాయంత్రం 6:30." రాయడానికి పది సెకన్లు ఎక్కువ పడుతుందేమో, ఎదుటివాళ్ళు తిరిగి అడగాల్సిన పని ఉండదు. అలాగే "శుక్రవారం రాత్రి 12" అని ఎప్పుడూ రాయకండి, అది శుక్రవారం మొదలయ్యే పన్నెండా ముగిసే పన్నెండా అని ఇద్దరు రెండు రకాలుగా అనుకుంటారు, 11:55 అని పెడితే పోతుంది.

ప్రశ్న: మేం ముగ్గురం, కాలిఫోర్నియా, లండన్, సిడ్నీ. జనవరిలో కుదిరిన టైమ్ జూలైలో కుదరట్లేదు, ఎందుకని?

జవాబు: సిడ్నీ దక్షిణార్ధగోళంలో ఉంది కదా, అక్కడ వేసవి మనకి తిరగేసి వస్తుంది. అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. లండన్ ముందుకి వెళ్ళేటప్పుడు సిడ్నీ వెనక్కి వస్తుంది, దాంతో ఇద్దరి మధ్య తేడా జనవరిలో 11 గంటలు, జూలైలో 9. మీరు జనవరిలో లండన్ రాత్రి 8 కి పెట్టుకుని ఉంటారు, అప్పుడు కాలిఫోర్నియాలో మధ్యాహ్నం 12, సిడ్నీలో మర్నాడు పొద్దున 7, ముగ్గురికీ పర్వాలేదు. జూలైలో అదే లండన్ 8 కి సిడ్నీలో తెల్లవారుజామున 5. (ఆస్ట్రేలియాలోనే బ్రిస్బేన్ గడియారం ఏడాదంతా కదలదు, అక్కడివాళ్ళుంటే విడిగా చూసుకోండి.)

జూలైకి ముగ్గురికీ హాయైన టైమ్ లేదు, ఎంత వెతికినా దొరకదు, అందుకే వెతకడం ఆపి వంతులు వేసుకోండి. ఒకసారి లండన్ రాత్రి 10, అప్పుడు కాలిఫోర్నియా మధ్యాహ్నం 2, సిడ్నీ మర్నాడు పొద్దున 7. ఇంకోసారి లండన్ పొద్దున 7, సిడ్నీ సాయంత్రం 4, కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి 11. ఎప్పుడూ ఒక్కరే నిద్ర చెడగొట్టుకునే కాల్ ఎక్కువ కాలం నిలబడదు, ఆ మనిషి పైకి ఏమీ అనకపోవచ్చు గానీ మెల్లగా రావడం తగ్గించేస్తారు. కాల్ అక్కర్లేని విషయాలు రాసి పంపుకోవడం ఇంకా మేలు.

ప్రశ్న: భూమ్మీద ఒకేసారి మూడు తేదీలు ఉంటాయంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, రోజూ కాసేపు. ప్రపంచంలోని టైమ్ జోన్లన్నిటినీ లెక్కగట్టేది యూటీసీ అనే ఉమ్మడి టైమ్ నుంచి. కిరిబాటి దేశంలోని లైన్ దీవులు యూటీసీ కంటే 14 గంటలు ముందు, బేకర్ దీవి 12 గంటలు వెనక. యూటీసీ ప్రకారం పొద్దున పదిన్నర అయినప్పుడు బేకర్ దీవిలో ఇంకా నిన్న రాత్రి పదిన్నర, లైన్ దీవుల్లో రేపు అర్ధరాత్రి దాటి అరగంట. సమోవా అయితే 2011లో డిసెంబర్ 30 ని పూర్తిగా వదిలేసి తేదీ రేఖకి అటువైపు నుంచి ఇటువైపు వచ్చేసింది.

ప్రశ్న: వచ్చే ఏడాది జరిగే ఆన్‌లైన్ క్లాసుల టైమ్‌టేబుల్‌ని ఇప్పుడే యూటీసీలోకి మార్చి దాచుకుంటే సేఫ్ కదా?

జవాబు: అయిపోయిన సంగతులకి యూటీసీ మంచిది, జరగబోయేవాటికి వద్దు. ప్రభుత్వాలు నియమాలు మారుస్తుంటాయి, మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో డేలైట్ సేవింగ్ తీసేసింది. అలాంటి చోట "పొద్దున 10 క్లాసు"ని ముందే యూటీసీలోకి మార్చి ఉంచితే వేసవిలో స్టూడెంట్లకి అది 9 కే వచ్చేస్తుంది. క్యాలెండర్‌లో "పొద్దున 10, మెక్సికో సిటీ" అని ఊరి పేరుతోనే పెట్టండి. ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు ఐఏఎన్‌ఏ టైమ్ జోన్ డేటాబేస్ మీద ఆధారపడతాయి, అందులో జోన్లు "అమెరికా/న్యూయార్క్", "ఏషియా/కోల్‌కతా" అని ఊళ్ళ పేర్లతోనే ఉంటాయి, నియమం మారితే అప్‌డేట్‌తో పాటే కొత్త లెక్క వచ్చేస్తుంది. పాత ఫోన్ అప్‌డేట్ చేయకుండా వాడుతున్నవాళ్ళు మాత్రం క్లాసుకి ముందురోజు ఒకసారి సరిచూసుకోవాలి.