సైకిల్‌కి చైన్ గైడ్ (గొలుసు జారిపోకుండా ఆపే భాగం) పెట్టాక ఎడమ క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఎక్కట్లేదంటే
73 ఎంఎం షెల్‌కి (ఫ్రేములో క్రాంకుల ఇరుసు దూరే గొట్టం) గైడ్ బిగించాక షిమానో హాలోటెక్ 2 రకం ఎడమ క్రాంక్ ఇరుసు మీద చివరిదాకా ఎక్కట్లేదని ఒకరు అడిగారండీ. కుడివైపు 2.5 ఎంఎం స్పేసర్ (సందు నింపే రింగు) ఉంచి, దానికి తోడు గైడ్ ప్లేటు కూడా పెట్టారు. తేడా అక్కడే వచ్చింది. ప్లేటు ఆ స్పేసర్‌కి బదులుగా రావాలి, స్పేసర్ తీసేయండి. ప్లేటు మందం కొలిచి చూడండి, 2.5 కన్నా పల్చనైతే మిగతాది సన్న వాషర్లతో సరిచేయాలి.

షెల్‌కి కుడివైపు బిగించే బేరింగ్ కప్పువి ఎడమ మరలు, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితేనే బిగుస్తుంది. బిగిసేటప్పుడు గైడ్ కూడా తిరిగిపోతుంది, నాకు మూడుసార్లు అలాగే అయింది. గైడ్‌ని చేత్తో గట్టిగా పట్టుకుని కప్పుని 35–50 న్యూటన్ మీటర్లకు బిగించండి.

ఎడమ క్రాంక్ చీలికలోని చిన్న ప్లేటు పిన్ను ఇరుసు రంధ్రంలో టక్కున పడాలి. పడకపోతే దయచేసి బండి తొక్కొద్దు, దారిలో క్రాంక్ ఊడొచ్చే ప్రమాదం ఉంది. పడ్డాక రెండు బోల్టులూ మార్చి మార్చి 12–14 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి.