మీటింగులో మాట్లాడకపోతే లోపమా?

మీటింగులో నోరు విప్పడం లేదని మేనేజర్ అన్నారనీ, స్వభావమే మార్చుకోవాలా అనీ అడిగారు. అవసరం లేదండీ. గలగలా మాట్లాడేవారి దగ్గరే ఆలోచనలుంటాయనుకోవడం ఆఫీసుల్లో పాత జబ్బు. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో నలుగురు కలిసి కూర్చుని చెప్పిన వాటికంటే, నలుగురు విడివిడిగా ఆలోచించి చెప్పినవి కలిపితేనే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారి ఆలోచన తెగిపోతుంది మరి!

చర్చాంశాలు ముందురోజే అడిగి తీసుకోండి. రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని, మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. ఆలస్యమైనకొద్దీ గుండెదడ పెరుగుతుంది. మిగిలినవి మీటింగ్ అయ్యాక మెయిల్‌లో పంపండి. మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా మిగిలేది అదే. లేని చలాకీతనం మాత్రం తెచ్చిపెట్టుకోకండి, అతకదు. మాట్లాడాలంటే చెమటలు పట్టేంత భయమైతే అది వేరే సంగతి, కౌన్సెలర్‌ను కలవండి.