కెమెరాలు ఉంచుకో, కంప్యూటర్‌ను తప్పించు

చి. సౌ. మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

ఇంటి నిఘా కెమెరాల రికార్డింగ్ కోసం కంప్యూటర్‌లో ఇంకో హార్డ్ డిస్కు వేయాలా, విడిగా రికార్డర్ కొనాలా అని అడిగావు. రికార్డరే కొను తల్లీ. కంప్యూటర్‌లో ఆ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను నువ్వు ఎంత ఓపికగా అమర్చుకున్నావో నాకు తెలుసు, నీ పనిలో లోపం లేదు. లోపమల్లా ఆ కంప్యూటర్‌కు వేరే పనులు ఉండడమే. పిల్లలు దాని మీదే చదువుకుంటారు. అర్ధరాత్రి విండోస్ అప్‌డేట్ వచ్చి తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తిరిగి మొదలైందో లేదో ఎవరూ చూడరు. గేటు దగ్గర ఏదైనా జరిగి వెనక్కి తిప్పి చూసుకున్న రోజున గాని ఆ ఖాళీ బయటపడదు.

కరెంటు సంగతి కూడా చూడు. వంద వాట్లు తీసుకునే కంప్యూటర్ రాత్రీ పగలూ నడిస్తే నెలకు 72 యూనిట్లు. చిన్న రికార్డర్ 15 వాట్లతో నడిస్తే పదకొండు యూనిట్లు దాటదు. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు పోతే ఏ ఇన్వర్టరూ ఆదుకోదు గాని, మామూలు కోతలకు ఇది చాలు. రౌటర్‌ను కూడా ఇన్వర్టర్‌కే కలుపు. ఇంటర్నెట్ లేకున్నా రికార్డింగ్ ఆగదు, ఫోనులో చూడడం మాత్రమే కుదరదు.

విశాఖలో డాబా గార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో కొట్టుకు వెళ్లి రికార్డర్ అంటే డీవీఆర్ చేతిలో పెట్టవచ్చు. అది కోయాక్సియల్ కేబుల్‌తో (కేబుల్ టీవీ తీగ లాంటిది) వచ్చే కెమెరాలకు. నీవి నెట్‌వర్క్ కెమెరాలు, నీకు కావలసింది ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ కెమెరాల రికార్డర్. నాలుగు కెమెరాలే ఉన్నా ఎనిమిది ఛానెళ్లది (ఎనిమిది కెమెరాలు పట్టేది) తీసుకో, మేడ మీదికి ఇంకొకటి తప్పకుండా అడుగుతారు. వెనక పీఓఈ పోర్టులు ఉంటే ఒక్క కేబుల్‌లోనే కరెంటూ దృశ్యమూ రెండూ వెళతాయి. కొనే ముందు నీ కెమెరాలు ఆన్‌విఫ్‌కు (వేర్వేరు కంపెనీల కెమెరాలూ రికార్డర్లూ కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి) పనికివస్తాయో లేదో వాటి సెట్టింగుల్లో చూడు. క్లౌడ్ మీదే, అంటే ఇంటర్నెట్‌లోని కంపెనీ సర్వర్ల మీదే ఆధారపడే కొన్ని వైఫై కెమెరాలు వేరే కంపెనీ రికార్డర్‌తో కలవవు.

డిస్కు విషయంలో లోభం వద్దు. 24 గంటలూ రాస్తూ ఉండడానికే చేసిన నిఘా డిస్కులు విడిగా దొరుకుతాయి, అవే అడుగు. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) చొప్పున రాస్తే రోజుకు 22 జీబీ లోపే. నాలుగింటికీ 2 టీబీ వేస్తే మూడు వారాలు దాటి వస్తుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: కంప్యూటర్‌లోని పాత డిస్కును తీసి రికార్డర్‌లో పెట్టకు. రికార్డర్ దాన్ని ఫార్మాట్ చేయమని అడుగుతుంది, సరే అన్నావంటే పాత రికార్డింగులన్నీ పోయినట్టే. కావలసినవి ముందే వేరేచోట కాపీ చేసుకో.

ఎంవీపీ కాలనీలో మీ ఇంటికి సముద్రం దగ్గర. ఇంటి బయట ఉన్న కేబుల్ జాయింట్లు ఒక్కొక్కటే విప్పి చూడు. బంగారు రంగులో మెరవాల్సిన పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము పట్టి ఉంటే, రాత్రిళ్లు కెమెరా ఆగి ఆగి రావడానికి కారణం అదే కావచ్చు. ఆ కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించు, నీరు చొరని పెట్టెలో జాయింటు ఉంచు, కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. కొత్త కేబుల్ వేయాల్సి వస్తే అచ్చమైన రాగిదే కొను. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక, కానీ దూరం పెరిగేకొద్దీ కెమెరాకు కరెంటు చాలదు.

రికార్డర్‌తో, కెమెరాలతో వచ్చిన పాస్‌వర్డులు మొదటి రోజే మార్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లక్షల సంఖ్యలో కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లలోకి చొరబడింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చకపోవడం వల్లే. బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి ఇచ్చేలా రౌటర్‌లో పోర్టులు తెరవమని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. రికార్డర్ గడియారం ఇంటర్నెట్ నుంచి సరిచూసుకునేలా పెట్టు. రికార్డింగ్ పోలీసులకు ఇవ్వాల్సి వస్తే తెరను ఫోనుతో వీడియో తీసి పంపకుండా రికార్డర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇవ్వు. కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా జత చేయాలి.

కంప్యూటర్‌ను వెంటనే ఆపేయకు. కెమెరాలను ఇప్పుడున్న నెట్‌వర్క్ స్విచ్‌కే (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఉంచి, రికార్డర్‌ను కూడా దానికే కలిపి కొన్నాళ్లు రెండింటినీ నడవనీ. రోజూ ఒక రాత్రి దృశ్యం, ఒక పగటి దృశ్యం వెనక్కి తిప్పి చూడు. కుదురుకున్నాక కేబుళ్లను రికార్డర్ పోర్టుల్లోకి మార్చి, కంప్యూటర్‌ను పిల్లలకు వదిలెయ్యి.

కెమెరాల మోడల్ నంబర్లు, గేటు నుంచి హాలు వరకు కేబుల్ పొడవు నాకు రాసి పంపు. వంద మీటర్లు దాటితే మధ్యలో ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టాలి, అది ఎక్కడ పెట్టాలో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య