తాతగారి గదిలో పెద్ద చిమ్మట: చీపురుతో తోలినా మళ్లీ వస్తోందా?

తాతగారు పోయాక ఆయన గదిలోకి పెద్ద చిమ్మట వస్తోందని, పటం పక్కనే వాలుతోందని, ఇంట్లో తలా ఒక మాట అంటున్నారని అడిగారు. అది రావడానికి కారణం పదకొండో రోజు దాకా ఆ గదిలో ఆరకుండా ఉంచిన దీపం, వచ్చేపోయేవారి కోసం అర్ధరాత్రి దాకా తీసి ఉంచిన తలుపులు. పైగా కావలి వైపు నవంబరు వానలు. అరచేయంత గోధుమరంగు రెక్కలు, వాటిపై కన్నులాంటి మచ్చ అన్నారు కనుక చాలావరకు అది పండ్ల రసం తాగే చిమ్మటే. కుట్టదు, కరవదు. పగలంతా కదలకపోవడం దాని నైజం. తాతగారి పటం పక్కన వాలింది అక్కడి నీడ కోసం.

అందరూ మరిచేది ఒక్కటే: లోపలి లైటు ఆర్పకుండా తోలడం. పురుగు ఎగిరేటప్పుడు వీపును వెలుగు వైపు తిప్పుకుంటుంది, అందుకే బల్బు చుట్టూనే చిక్కుకుపోతుంది.

1. రాత్రి ఫ్యాను ఆపండి.
2. లోపలి లైట్లన్నీ ఆర్పి, వరండా లైటు వేసి, తలుపు బార్లా తీయండి. ఫోను వెలుగు కూడా వద్దు. దేవుడి దీపం కొండెక్కాకే ఈ పని పెట్టుకోండి. ఆర్పమంటే పెద్దవాళ్లు ఊరుకోరు.
3. అప్పటికీ కదలకపోతే తెల్లవారాక దాని మీద వెడల్పు గిన్నె బోర్లించి, గోడకూ గిన్నెకూ మధ్య పెళ్లిపత్రిక అట్ట మెల్లగా దూర్చండి. చెట్టు నీడలో వదలండి. రెక్కల పొడి అంటితే చేతులు కడుక్కోండి.

తాతయ్యే చిమ్మటగా వచ్చాడంటున్న పిన్నిగారితో వాదించకండి. చంపకుండా సాగనంపుతున్నామంటే ఆవిడే తలుపు తీస్తారు. ఇది ఇంకో చావుకు సూచన అన్న మేనత్తగారి మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు, పిల్లల చెవిన పడనివ్వకండి.

తర్వాత వరండాలో తెల్ల బల్బు తీసి పసుపు వెలుగుది పెట్టండి, పురుగుల రాక తగ్గుతుంది.