చిట్టీకి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

మూడు నెలల్లో 20 కిలోలు తగ్గి తీరతానన్నావట, మీ అమ్మ చెప్పింది. నీ పట్టుదలకి మురిసిపోయాను. "రోజుకి ఒక్కపూటే తింటోందక్కా" అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

నడువు, వేళకి పడుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అంటుంది కానీ మొదట్లో రోజూ పది నిమిషాలైనా మేలే. ముందు డాక్టర్ని కలిసి నీ గురక సంగతీ, వాడే మందుల సంగతీ చెప్పు. కొన్ని మందులకి కూడా ఒళ్లొస్తుంది.

నాకు 34 ఏళ్లప్పుడు నేనూ ఇలాగే కడుపు మాడ్చుకున్నాను. పదకొండు వారాల్లో 16 కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే ఆకలి కూడా తియ్యగానే ఉండేది. ఒక రాత్రి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి లేచి వీపుదాకా పాకింది. పిత్తాశయంలో, అంటే అరుగుదలకి పనికొచ్చే పిత్తరసం నిలవుండే చిన్న సంచీలో, రాళ్లు. ఒళ్లు మరీ వేగంగా కరిగితే పిత్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుందట, తిండి సరిగ్గా లేక ఆ సంచీ ఖాళీ అవదట. ఆపరేషన్ చేశారు.

ఆ నొప్పి మర్చిపోయాను. ఆ తర్వాతి రోజులే మర్చిపోలేను. మామూలుగా తినగానే బరువంతా తిరిగొచ్చింది. తగ్గిన ఒంట్లో ఆకలి పెరుగుతుందనీ, శక్తి ఖర్చు తగ్గుతుందనీ నాకు తెలియదు. నాకే నిగ్రహం లేదనుకున్నాను. అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి గబగబా తినేదాన్ని, తిన్నాక ఏడ్చేదాన్ని. మోకాలి నొప్పని వెళ్తే ఒక డాక్టరు కాలైనా చూడకుండా "బరువు తగ్గి రండి" అన్నాడు. ఆ సిగ్గుతో రెండేళ్లు ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. పస్తులకన్నా అదే పెద్ద తప్పు. చివరికి మీ అమ్మే నా గది తలుపు బయట కూర్చుంది, తీసేదాకా లేవలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. దిగులు తగ్గాకే తిండి ఓ దారిన పడింది.

అందుకే నువ్వు గది తలుపేసుకుంటున్నావంటే నాకు నిద్ర పట్టడం లేదు.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీకీ షుగరుకీ మంచిదే. 90 కిలోలుంటే నాలుగున్నర కిలోలతోనే ఆ మేలు మొదలవుతుంది. నిదానంగా తగ్గు, ఎవరు తరుముతున్నారు నిన్ను?

అద్దం ముందు నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావట. ఆ మాటలు ఇంకొకరు నిన్నంటే నేను ఊరుకుంటానా? నువ్వన్నా ఊరుకోను, తల్లీ.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎన్ని కిలోలని అడగను. రాత్రి నిద్ర పట్టిందో లేదో, పొద్దున ఏం తిన్నావో చెప్పు చాలు.

మీ పెద్దమ్మ